మంచుబండి ఎక్కే పిల్లల్ని వద్దనకండి, వివరాలు అడగండి

సంపాదకులకు,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో అమెరికా శీతకాల విహారాల గురించి ఒక వ్యాసం వచ్చింది. దానికి గడ్డకట్టిన సరస్సు మీద స్నోమొబైళ్లు, అంటే మంచు మీద నడిచే మోటారు బండ్లు, నడుపుతున్న తెలుగు యువతీయువకుల ఫొటో పెద్దదిగా వేశారు. వారిలో ఎక్కువమందికి హెల్మెట్ లేదు. వెనక కూర్చున్న అమ్మాయి మెడలోంచి పొడవాటి ఉన్ని మఫ్లర్ గాలికి ఎగురుతోంది. వ్యాసకర్త అద్దె ఎంతో చెప్పారు, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో చెప్పారు. ఆ బండిని ఎలా అదుపు చేయాలో, ఆ సరస్సు మీదికి ఎప్పుడు వెళ్లవచ్చో, ఎప్పుడు వెళ్లకూడదో మాత్రం ఒక్క వాక్యమైనా రాయలేదు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, "మీ ఊళ్లో ఇంత సరదాగా ఉంటుందా?" అని అడిగింది. సరదాగానే ఉంటుంది. అయితే ఆ పేజీ చదివి తమ పిల్లలను ఉత్సాహపరిచే తల్లిదండ్రులు, భయపడి వద్దనే తల్లిదండ్రులు, ఇద్దరూ తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఈ ఉత్తరం.

నేను చాలా ఏళ్లుగా మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో ఉంటున్నాను. ఇక్కడ స్నోమొబైల్ అంటే పర్యాటకుల ఆటవస్తువు కాదు. రాష్ట్రమంతటా 22,000 మైళ్లకు పైగా స్నోమొబైల్ దారులు ఉన్నాయి. మా ఊరి నుంచి గ్రాండ్ మరే వరకు అడవి గుండా వెళ్లే దారి ఒక్కటే దాదాపు 146 మైళ్లు. పొలారిస్ కంపెనీ పుట్టిన రోజో, ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ ఈ రాష్ట్రపు ఉత్తరాన ఉన్న చిన్న ఊళ్లే. చలికాలంలో నేను స్నోమొబైల్ భద్రతా తరగతుల్లో స్వచ్ఛందంగా పాఠం చెబుతాను. తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది పదకొండు, పన్నెండేళ్ల స్థానిక పిల్లలు. ఈ మధ్య మినియాపొలిస్ నుంచి మన పిల్లలు కూడా ఒకరిద్దరు వస్తున్నారు. రానివారే చాలా ఎక్కువ. వారాంతంలో నలుగురైదుగురు కలిసి కారులో ఉత్తరానికి వస్తారు, బండ్లు అద్దెకు తీసుకుంటారు, మీటలు చూపించి తాళం చేతిలో పెట్టగానే బయలుదేరతారు.

మిన్నెసోటా చట్టం ప్రకారం 1976 డిసెంబరు 31 తరువాత పుట్టినవారెవరైనా ప్రభుత్వ దారుల మీద, భూముల మీద స్నోమొబైల్ నడపాలంటే భద్రతా ధ్రువపత్రం ఉండాలి. పొరుగున ఉన్న విస్కాన్సిన్‌లో 1985 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి ఇదే నియమం. అంటే చదువులకో ఉద్యోగాలకో వచ్చిన మన పిల్లలు దాదాపు అందరూ దీని కిందికి వస్తారు. పదహారేళ్లు దాటినవారు ఇక్కడ ఆ పాఠమంతా ఇంటర్నెట్‌లోనే పూర్తి చేయవచ్చు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని.

కారు నడిపేవారికి, హైదరాబాదులో బైకు నడిపినవారికి ఇది ఏం కష్టమని చాలామంది అనుకుంటారు. నాకు అసలు ఆందోళన అక్కడే. రెండు చక్రాల బండి అలవాటు ఈ బండి మీద ఎదురు తిరుగుతుంది. స్కూటర్ మీద భయం వేస్తే చేతులు బిగుస్తాయి. వేళ్ల కింద బ్రేకులుంటాయి కనుక బండి ఆగుతుంది. స్నోమొబైల్‌కు బ్రేకు ఎడమచేతి కింద ఒక్కటే. యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద చిన్న మీటలా ఉంటుంది, తిప్పేది కాదు, నొక్కేది. భయపడి కుడిచెయ్యి బిగించి పట్టుకుంటే బొటనవేలు కూడా నొక్కుకుపోతుంది, బండి ఆగడానికి బదులు దూకుతుంది. ఒక చదునైన మైదానంలో నేర్చుకుంటున్న వరంగల్ అమ్మాయి విషయంలో ఇది కళ్లారా చూశాను. ఎదురుగా చెట్లు దగ్గరయ్యేకొద్దీ పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. బండి వేగం అందుకుంది. ఆమె కోటుకు తగిలించిన తాడు ఊడి ఇంజిను ఆగిపోబట్టి సరిపోయింది. ఆ తాడు ఒక కొస నడిపేవారి కోటుకు, రెండో కొస ఇంజిను స్విచ్చికి ఉంటుంది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిను ఆగుతుంది. చాలామంది దాన్ని హ్యాండిల్‌కు చుట్టి వదిలేస్తారు. అలా వదిలేస్తే మనిషి మంచులో, బండి అడవిలో.

ఇంకొక అలవాటు కాళ్లది. బైకు ఒరిగితే మనం వెంటనే కాలు కింద పెడతాం, బండిని ఆపుకుంటాం. స్నోమొబైల్ రెండు మూడు వందల కిలోలు ఉంటుంది. అది ఒరుగుతున్నప్పుడు కాలు బయటపెడితే కాలు బండి కింద ఇరుక్కుంటుంది, మోకాలు మెలిపడుతుంది, ఎముక విరుగుతుంది. పాదాలు ఎప్పుడూ పక్క పలకల మీదే ఉండాలి. మలుపు తిరిగేటప్పుడు నడిపేవారు, వెనక కూర్చున్నవారు ఇద్దరూ మలుపు వైపే వంగాలి. ముందున్న స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, దిక్కు చూపిస్తాయి, వెనక రబ్బరు పట్టా తోస్తుంది, బ్రేకు వేస్తే ఆగేది ఆ పట్టా మాత్రమే. నున్నటి మంచుగడ్డ మీద మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి నేరుగానే జారిపోతుంది. అందుకని వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

బయలుదేరే ముందు యాక్సిలరేటర్ మీటను ఒకసారి నొక్కి వదలండి. వదిలిన వెంటనే టక్కున వెనక్కి రావాలి. ఆరుబయట నిలిపిన బండిలో తీగ మీద తేమ గడ్డకట్టి మీట ఇరుక్కుంటుంది. ఆ స్థితిలో ఇంజిను తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎర్రటి అత్యవసర స్విచ్చి పనిచేస్తోందా, బ్రేకు పిడి బిగువుగా ఉందా చూసుకోవాలి. వెనక పట్టాను పైకెత్తి తిప్పి మంచు వదిలిస్తున్నప్పుడు దాని వెనక ఎవరూ నిలబడకూడదు. మంచుగడ్డలు, రాళ్లు ఎవరో విసిరినట్టు వచ్చి తగులుతాయి. మూసిన షెడ్డులో ఇంజిను వేడెక్కించవద్దు, ఆ పొగలో ఉండే వాసన లేని విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్, మనకు తెలియకుండానే స్పృహ పోగొడుతుంది. మీ ఫొటోలో కనిపించిన ఆ మఫ్లర్ సంగతి కూడా చెప్పాలి. చున్నీ చక్రంలో చిక్కుకుని పడిన వార్తలు మీ పత్రికే వేస్తుంటుంది. స్నోమొబైల్ మీద కూడా వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు. మెడకు వేసుకునేది కోటు లోపలికి పోవాలి.

ఇక గడ్డ గురించి. సరస్సు గడ్డకట్టింది అంటే అంతటా ఒకేలా గట్టిపడిందని మన పిల్లలు అనుకుంటారు. తరగతిలో నేను ముందు అడిగే ప్రశ్న, "ఆ మందం ఎవరు కొలిచారు?" అని. మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ప్రకారం మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి గడ్డ ఉండాలి. స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు. ఈ అంకెలు కొత్తగా పట్టిన, లోపలికి కనిపించే స్వచ్ఛమైన గడ్డకే వర్తిస్తాయి. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి తెల్లబారితే బలం సగమే, మందం రెట్టింపు కావాలి. కొలవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. చేతి బర్మాతో రంధ్రం వేసి, కొలతపట్టీ కొక్కెం గడ్డ అడుగున తగిలించి చూస్తారు. ఒక చోట చూసి సరిపెట్టకూడదు, ముందుకు పోతూ మళ్లీ మళ్లీ చూడాలి. నీరు కదిలే ప్రతి చోటా అనుమానించాలి: వాగు వచ్చి కలిసే చోటు, ఊటలున్న చోటు, రెండు సరస్సులను కలిపే ఇరుకు కాలువ, వంతెన కింద, పడవల రేవు పక్కన నీరు గడ్డకట్టకుండా గాలి బుడగలు వదిలే యంత్రాలున్న చోటు. మినియాపొలిస్ పక్కనే ఉన్న మినెటోంకా సరస్సు నిండా ఇలాంటి ఇరుకు కాలువలే. పైన పడిన మంచు దుప్పటిలా పనిచేసి కింది గడ్డను మందం కానివ్వదు, దాని లోపాలను కూడా కప్పేస్తుంది. ఎవరో వెళ్లిన బండి జాడ కనిపించినంత మాత్రాన ఆ దారి క్షేమమని కాదు. అతను వెళ్లింది నిన్నటి చలిలో కావచ్చు.

2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద గడ్డ పగిలి తెలుగు కుటుంబాలకు చెందిన ముగ్గురు చనిపోయారు. వారి కింద ఏ యంత్రమూ లేదు, నడుస్తూ వెళ్లినవారే. ఆ వార్త మీరూ ప్రచురించారు. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అది పత్రికలో రెండు రోజులు నిలిచింది. గడ్డ మందం ఎలా చూడాలో, నీళ్లలో పడితే ఏం చేయాలో చెప్పే పెట్టె ఒకటి దాని పక్కన వేసి ఉంటే ఆ కుటుంబాల దుఃఖం ఇంకొకరికి రక్షణ అయ్యేది.

నీళ్లలో పడినవారు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. దీన్ని మీరు కోయకుండా వేయాలని నా మనవి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చన్నీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క 1-10-1. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. అప్పుడు తల నీటి పైన ఉంచుకుని ఊపిరి సర్దుకోవడం ఒక్కటే పని. తరువాత సుమారు 10 నిమిషాలు చేతులు కాళ్లు మన మాట వింటాయి. బయటపడే ప్రయత్నం ఆ వ్యవధిలోనే జరగాలి. చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే చలి వెంటనే చంపదు, కంగారే ముందు చంపుతుంది. కోటు విప్పవద్దు, అందులో చిక్కిన గాలి కాసేపు తేలుస్తుంది. వచ్చిన దిక్కుకే తిరగాలి, ఎందుకంటే అంతవరకు మోసిన గడ్డ అది. అంచు మీద మోచేతులు ఆనించి, కాళ్లు వెనక్కి ఈత కొట్టినట్టు తన్నుతూ బొర్లా పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు, వచ్చిన దారిలోనే దొర్లుకుంటూ పోవాలి. తడిచేతికి గడ్డ పట్టు దొరకదు. అందుకని ఇక్కడి వారు మెడలో మేకులున్న రెండు చిన్న పిడులు తాడుతో వేసుకుంటారు, వాటిని గడ్డలో గుచ్చి శరీరాన్ని లాక్కుంటారు. నీటిలో తేలే స్నోమొబైల్ సూట్లు కూడా దొరుకుతాయి. అద్దె దుకాణంలో హెల్మెట్ అడిగినప్పుడే వీటిని కూడా అడగాలి.

రాత్రి ప్రయాణం గురించి కూడా గట్టిగానే చెప్పాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటిపోతాం. ఎదురుగా ఉన్నది ఏమిటో కన్ను గుర్తించి బొటనవేలు వదిలి ఎడమచెయ్యి నొక్కేలోపే ఒక ఇంటి స్థలం దాటిపోతుంది. ఆ తరువాత బండి జారుతూ ఆగాలి. దీపం వెలుగు పడే మేర కంటే ఆగే దూరం ఎక్కువైతే గుడ్డిగా నడుపుతున్నట్టే. చీకట్లో సరస్సు మీద చేపలు పట్టేవారి చెక్క గుడిసెలు ఉంటాయి, పడవల రేవు పలకలు గడ్డలోంచి పొడుచుకుని ఉంటాయి. దారి వదిలి పొలాల్లోకి పోతే ముళ్లకంచెలు, కరెంటు స్తంభాల దన్ను తీగలు ఉంటాయి. మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల మీద, నీటి మీద వేగ పరిమితి గంటకు 50 మైళ్లు. విస్కాన్సిన్‌లో రాత్రిపూట 55. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత వేగంతో పోవాలని కాదు. మద్యం తాగి నడిపితే కారు కేసులాగే ఇదీ కేసు అవుతుంది. మన పిల్లలకు వీసా సంగతి కూడా ఉంటుంది కనుక అదొక్కటే చాలు ఆలోచించుకోవడానికి. మద్యం ఒళ్లు వెచ్చబరచదు, వెచ్చగా ఉందన్న భ్రమ కలిగించి లోపలి వేడిని చర్మం గుండా పోనిస్తుంది.

చలి లెక్క ఒకటి చెబుతాను. సున్నా కింద 20 డిగ్రీల రోజున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే ముఖానికి తగిలే చలి సున్నా కింద 35 డిగ్రీలతో సమానం. ఆ గాలికి కప్పని చెవి, ముక్కు కొద్ది నిమిషాల్లోనే తెల్లబారి మొద్దుబారతాయి. మన పిల్లలు జీన్సు ప్యాంటు మీద, నూలు బనియను మీద కోటు వేసుకుని వస్తారు. నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలిని ఒంట్లోకి దించుతుంది. లోపల ఉన్ని లేదా చెమటను బయటికి వదిలే కృత్రిమ బట్ట, పైన గాలి చొరబడని కోటు ఉండాలి. మేజోళ్లు ఒకదాని మీద ఒకటి బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా గడ్డకడతాయి.

గుంపుగా వెళ్లేటప్పుడు చేతి సంకేతాలు తెలియాలి. ఎడమచెయ్యి నిటారుగా పైకెత్తితే ఆగుతున్నాను అని. పక్కకు చాపితే ఎడమకు, మోచేయి దగ్గర మడిచి పైకెత్తితే కుడికి. ఎదురుగా వచ్చేవారికి మన వెనక ఇంకా బండ్లున్నాయని బొటనవేలితో భుజం వెనక్కి చూపుతారు. ఆఖరి బండివారు పిడికిలి భుజం ఎత్తుకు పట్టి చూపుతారు. దారులు రెండు వైపులా నడిచేవే కనుక ఎప్పుడూ కుడివైపునే పోవాలి. ఇక్కడ మన ఎడమవైపు అలవాటు గుట్ట ఎక్కే మలుపులో ప్రాణం తీస్తుంది. రోడ్డు అడ్డం వస్తే పూర్తిగా ఆగి, చూసి, ఒక్కొక్కరుగా దాటాలి.

కొలరాడో, మోంటానా వంటి కొండ ప్రాంతాలకు వెళ్లేవారి సంగతి వేరు. అక్కడ గడ్డ కంటే మంచుచరియలు ఎక్కువ ప్రమాదం. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోటే చరియలు ఎక్కువగా విరుగుతాయి. వాలు మీదికి ఒకసారికి ఒక్కరే ఎక్కాలి, మిగిలినవారు దాని కింద నిలబడి చూడకూడదు. ప్రతి ఒక్కరి ఒంటి మీద కూరుకుపోయినా ఎక్కడున్నారో తెలిపే సంకేత పరికరం, మంచులో గుచ్చి వెతికే మడత కర్ర, పార ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని మొదటి పావుగంటలో తవ్వి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. బయటి సహాయం అంతలో రాదు, తోటివారే తవ్వాలి. వాళ్లు ఆ పద్ధతి ముందుగా నేర్చుకుని ఉండాలి. మన వైపు నుంచి గుల్మార్గ్‌కు, మనాలీ దగ్గరి సోలాంగ్‌కు పోయి మంచు స్కూటర్ ఎక్కే కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్ ఎగువ వాలులో చరియ విరిగి ఒక విదేశీ స్కీయర్ మరణించాడు. అక్కడ సాధారణంగా నడిపే కుర్రవాడు కూడా బండి మీదే ఉంటాడు. హెల్మెట్ ఇవ్వమని అడగడానికి, పసిపిల్లను ముందు కూర్చోబెట్టవద్దని చెప్పడానికి మొహమాటపడకూడదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు. కిందటి చలికాలం ఒక గుంటూరు అబ్బాయిని "ఈరోజు ఇక్కడికి వచ్చినట్టు ఇంట్లో తెలుసా?" అని అడిగాను. "చెప్పలేదక్కా. చెబితే అమ్మ వద్దంటుంది, రాత్రంతా నిద్రపోదు" అన్నాడు. చెప్పేదల్లా ఫొటో పెట్టాకే. ఆ పిల్లవాడి మాట నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఈ బండి ఎక్కేవారు పాటించవలసిన మొదటి నియమమే ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారిన, ఎప్పటికి తిరిగి వస్తారో ఒకరికి చెప్పి పోవడం. మా ఉత్తరాది అడవుల్లో చాలా చోట్ల ఫోను పనిచేయదు. రావలసిన వేళకు రాలేదని తెలిసినవారు ఒకరుంటేనే వెతకడానికి ఎవరైనా బయలుదేరతారు. "వద్దు" అనే మాట భయం వేసి అనేదే. తల్లి మనసు నాకు తెలుసు, నాకూ పిల్లలున్నారు. కానీ ఆ మాట విన్న పిల్లలు వెళ్లడం మానరు, చెప్పడం మానేస్తారు.

దానికి బదులు నాలుగు ప్రశ్నలు అడగండి. ధ్రువపత్రం తీసుకున్నావా, ఫొటో పంపు. సరస్సు మీదికి పోతున్నారా, గడ్డ ఎవరు కొలిచారు? చీకటి పడకముందే తిరిగి వస్తారా? ఎక్కడికి వెళ్తున్నారో అక్కడివారిలో ఎవరికి చెప్పారు, వారి నంబరు పంపు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడు సగం జాగ్రత్త నేర్చుకున్నట్టే. జవాబు చెప్పలేకపోతే వాళ్లే తడబడతారు, అప్పుడు మీరు "తెలుసుకుని వెళ్లు నాన్నా" అంటే వింటారు.

ఈ యంత్రం మీద నాకు ద్వేషం లేదు. కెనడాలోని కెబెక్ రాష్ట్రంలో, వాల్కోర్ట్ అనే ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్, 1934 చలికాలంలో జబ్బుపడిన తన చిన్న కొడుకును మంచు మూసిన దారిలో ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. ఆ తరువాత కొన్నేళ్లకే మంచు మీద రోగులను, పిల్లలను, ఉత్తరాలను మోసే వాహనాలు తయారు చేశాడు. 1959లో మార్కెట్లోకి వచ్చిన స్కీ-డూ అనే చిన్న స్నోమొబైల్ కూడా ఆయనదే. మా ప్రాంతంలో ఇప్పటికీ తుఫాను రోజున వైద్యుడి దగ్గరికి వృద్ధులను చేర్చే వాహనం ఇదే.

మీకు నా విన్నపాలు రెండు. ఇక మీద ఇలాంటి విహార వ్యాసాలతో వేసే ఫొటోలో హెల్మెట్ ఉన్నవారినే ఎంచండి. ప్రతి ఏడాది నవంబరు రెండో వారంలో, అంటే ఇక్కడి సరస్సుల మీద మొదటి పలుచని గడ్డ పట్టే రోజుల్లో, ఒక అరపేజీ దీనికి కేటాయించండి. గడ్డ మందం, 1-10-1 లెక్క, చేతి సంకేతాలు బొమ్మలతో తెలుగులో తయారు చేసి ఉంచాను, మీరు కోరితే ఉచితంగా పంపుతాను. అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలు ఈ పత్రిక చదువుతారని తెలుసు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు మీరు పెట్టే స్వాగత సభలో బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు సంగతులు చెప్పే గంటలో ఒక పావుగంట మంచుకు ఇవ్వండి. మా పరిసరాల్లో ఎక్కడ పిలిచినా నేను వచ్చి చెబుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డులూత్, మిన్నెసోటా